వదిన నీలం రుమాలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ కొత్తలో, కాగజ్‌నగర్‌లో అన్న పనిచేసే మిల్లుకు జపాను ఇంజనీరు వచ్చాడు. అతని భార్య ఆడవాళ్ళకు మిఠాయిలూ, గుడ్డను దారంతో ముళ్ళు కట్టి నీలిరంగు వేయడమూ నేర్పుతోందని తెలిసి, హుజూరాబాద్ నుంచి బస్సులో స్టేషనుకు పోయి రైలెక్కాను.

వదిన అప్పటికే చేరింది. ఉడికించిన చిక్కుడు గింజల తీపి పూర్ణంతో పువ్వు చేయమంటే ఆమెది చామంతిలా విచ్చుకుంది. నాది బక్షాల్లో పెట్టే ముద్దలాగే మిగిలింది. ఒళ్ళు మండింది. గుడ్డ దగ్గర చూసుకుందాం, మగ్గమున్న ఇంటి పిల్లను కదా అనుకున్నాను.

రంగు ఆరాక దారాలు తీయాలి. బట్టల దుకాణం వాళ్ళ బిడ్డ కదా, వదిన కత్తెరతో చకచకా కోసేసింది. నేను ఒక్కో ముడీ గోళ్ళతో విప్పుతూ కూర్చున్నాను.

"ఏందే, ఇంకా విప్పుతనే ఉన్నవా? జర కత్తెర పెట్టు."

"దారం కోస్తే మా బాపు ఊకుంటడా వదినె?"

ఈలోగా జపానామె వదిన రుమాలును ఎత్తి అందరికీ చూపించింది. నాది విప్పేసరికి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు.

ఇంటికొచ్చాక, విప్పిన దారాన్ని చుట్టి నేను తెచ్చిన ఉండను చూసి బాపు మురిసిపోయాడు. పెట్టె అడుగున దాచి తెచ్చిన వదిన రుమాలు సంగతి ఆయనకు చెప్పలేదు.

"గా నీలం రుమాలు ఎటువోయిందే?" అని వదిన ఇప్పటికీ వెతుకుతుంది. ఆమెతోపాటు నేనూ వెతుకుతాను.