చేపల పెదనాన్న పిస్తోలు బేరం

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. నవ్వకూడని చోటే నవ్వు వచ్చేది. మామూలు చోట్ల నేనూ మామూలు మనిషినే. కానీ ఎవరైనా గంభీరంగా ఉండమన్నారంటే చాలు, కడుపులో ఎక్కడో ఒక బుడగ లేచి గొంతు దాకా వచ్చేసేది. కాలేజీ వైవాలో నవ్వాను. సంతాప కూడికలో పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థిస్తూ మైకు అనుకుని పూలకుండీని పట్టుకుంటే నవ్వాను (ఆ తర్వాత చాన్నాళ్లు అమ్మ నన్ను చివరి బెంచీలో గోడవైపు కూర్చోబెట్టేది). ఇలాంటి మనిషికి మొదటి ఉద్యోగం ఎక్కడ దొరకాలి చెప్పండి? హౌరా వంతెన అవతల, ధర్మతల్లాలో ఒక పాత తుపాకుల కొట్లో దొరికింది.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, బీకాం గట్టెక్కి, కంప్యూటరు మీద బిల్లులు కొట్టడం వచ్చిన పిల్లగా నన్ను తీసుకున్నారు. కొట్టు యజమానిని అందరూ బొడోబాబు అనేవారు, అంటే పెద్దయ్యగారన్నమాట. ఇస్త్రీ చేసిన తెల్ల పంజాబీ లాల్చీ, మందపాటి కళ్లద్దాలు, ఎవరో చెక్కి పెట్టినట్టుండే మొహం. నేను చేరిన రోజునే ఒక నియమం చెప్పారు. "ఎఖానే హాశా బారోన్." ఇక్కడ నవ్వడం నిషేధం. తుపాకీ ఉన్న చోట నవ్వితే మనసు చెదురుతుంది, మనసు చెదిరితే ప్రమాదం జరుగుతుందని ఆయన సిద్ధాంతం. తప్పేమీ లేదు, మంచి మాటే. కానీ ఆ మాట చెబుతున్నప్పుడే నాకు బుడగ లేచింది. మొదటి నెలలోనే రెండుసార్లు దొరికిపోయాను. రెండోసారి ఒక ముసలి జమీందారుగారి లైసెన్సు మీద ఆయన ఇరవై ఏళ్లప్పటి ఫొటో, చెవుల దాకా మీసాలు. అది చూసి కుర్చీలోంచి జారాను. బొడోబాబు కోప్పడలేదు. "ఇంకొక్కసారి నవ్వావంటే రేపట్నుంచి రావక్కర్లేదమ్మా" అని మెత్తగా అన్నారు. నాన్న రిటైరయ్యారు, క్వార్టరు ఖాళీ చేయాలి, నా జీతం మీద ఇంటివాళ్లు ఆశలు పెట్టుకున్నారు. అమ్మకైతే ఆశతోపాటు సిగ్గు కూడా. ఆడపిల్ల తుపాకులు అమ్ముతోందని చర్చిలో చెప్పుకోలేక, ఆటసామాన్ల కొట్లో పనిచేస్తోందని చెప్పుకొచ్చింది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని చేపల పెదనాన్న, వెనకాలే పెద్దమ్మ వచ్చారు. రక్తసంబంధం కాదు, చర్చి సంబంధం. హౌరా హోల్‌సేలు చేపల మార్కెట్లో ఆంధ్రా నుంచి వచ్చే లారీల చేపలు దించుకుని అమ్మేవాడాయన. మనిషి తలుపుకి సరిపడా ఉంటాడు. నన్ను చూసి ఆయన కొయ్యబారిపోయాడు. ఆయన్ని చూసి నేను కొయ్యబారిపోయాను.

"ఏటమ్మా, మీ యమ్మ ఆటసామాన్లన్నాది?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీరేటి పెదనాన్నా, ఇటొచ్చారు?" అన్నాను నేను ఇంకా తగ్గించి.

ఆయన నాలుగు వైపులా చూసి, లైసెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవులికీ సెప్పకు. సన్నపాటిది కావాల. సొక్కా కింద ఎట్టుకుంటే ఉన్నట్టు కూడా తెలవకూడదు."

బొడోబాబు లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూసి, తల ఊపి, బీరువా తాళం తీశారు. ప్రతిదాన్నీ తెరిచి లోపల ఏమీ లేదని ముందు తను చూసి, తర్వాత మాకు చూపించి, అప్పుడు చేతికిచ్చేవారు. మొదట రివాల్వరు వచ్చింది. మధ్యలో చక్రం ఉబ్బెత్తుగా ఉంది. "ఇది నడుముకెట్టుకుంటే టిఫిను డబ్బా కట్టుకున్నట్టుంటాది" అని పెద్దమ్మ వెంటనే కొట్టిపారేసింది. తర్వాత ఒక పిస్తోలు. దాన్ని పెదనాన్న అరచేతిలో పెట్టి బరువు చూసి, వెల్లకిలా తిప్పి, అలవాటు కొద్దీ బొటనవేలితో పక్కకి నొక్కాడు. తాజాదో కాదో చూసే నొక్కుడు. అంతటితో ఆగకుండా ముక్కు దగ్గరికి తీసుకెళ్లి వాసన కూడా చూశాడు. నా కడుపులో మొదటి బుడగ లేచింది. బిల్లు కాగితాలు సర్దుతున్నట్టు వంగి, నాలుక కరుచుకున్నాను.

"ఇంకొంచెం సన్నందేటైనా ఉందేటమ్మా? నలుపు కాకుండా?" అని అడిగింది పెద్దమ్మ, చీరల కొట్లో కూర్చున్నట్టు సర్దుక్కూర్చుని. నేను బెంగాలీలోకి మార్చి చెప్పాను. బొడోబాబు రంగు సంగతి విననట్టే ఊరుకుని, అడుగు అరలోంచి మరొకటి తీశారు. నిజంగానే ముచ్చటగా ఉంది. పలచగా, పొట్టిగా, ఎక్కడా ఉబ్బు లేకుండా, రెండు సెల్‌ఫోన్లు అతికిస్తే ఎంతో అంత. తక్కువ తూటాలు పడతాయి, పట్టుకోడానికి చిటికెనవేలికి చోటుండదు, కానీ లాల్చీ కింద పెట్టుకుంటే కన్నకూతురికి కూడా తెలియదని ఆయన వివరించారు. పెదనాన్న కళ్లు మెరిశాయి. "ఇదే. ఇదే కావాల" అన్నాడు.

ఇక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్నది తేలాలి. నడుము లోపలివైపు దోపుకునే తోలు కవరు ఇచ్చారు బొడోబాబు. ఖాళీ పిస్తోలు కవర్లో పెట్టి, పెద్దమ్మ చేతికిచ్చి, ఎలా దోపాలో నన్ను చెప్పమన్నారు. పెద్దమ్మ ఆయన లాల్చీ కొంచెం ఎత్తి, కవరు నడుముకి ఆనించిందో లేదో, పెదనాన్న "ఒలమ్మో!" అని మూడడుగులు పక్కకి గెంతాడు. అంత శరీరం అంత తేలిగ్గా గెంతగలదని నేను అనుకోలేదు.

"ఏటయినాదీ?" అంది పెద్దమ్మ.

"కితకితలే" అన్నాడు ఆయన, పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ.

"ఊరుకోండి, సిన్నపిల్లోడి నాగ" అని ఆవిడ మళ్లీ పెట్టింది. ఆయన మళ్లీ గెంతాడు. నేను దుపట్టా కొస నోట్లో కుక్కుకున్నాను. చంక కింద వేలాడదీసే కవరు ఉంది, అది ప్రయత్నిద్దామన్నారు బొడోబాబు. చంక అన్న మాట నేను తెలుగులో చెప్పగానే, ఎవరూ ముట్టుకోకుండానే పెదనాన్న రెండు చేతులూ ఒంటికి నొక్కేసుకుని "ఒద్దు, ఒద్దమ్మా, అది మాత్రం ఒద్దు" అని వంకర్లు తిరిగిపోయాడు. కాలి చీలమండకి కట్టుకునేది తెచ్చారు. ఆయనకి తన చీలమండ కనబడి ఏళ్లయింది, పొట్ట అడ్డం. పెద్దమ్మ కింద కూర్చుని కట్టబోతే, ఆయన కాలు తనంతట తానే లేచి బొడోబాబు ముక్కాలిపీటని గోడకి తన్నింది. బొడోబాబు కళ్లద్దాలు సరిచేసుకుని, పీటని తెచ్చి మళ్లీ అదే చోట పెట్టారు. ఆ మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు. అది చూశాక నా వల్ల కాక బల్ల కింద పెన్ను పడిందని చెప్పి కింద కూర్చుండిపోయాను. (పెన్ను నా చేతిలోనే ఉంది.)

"తన చేతితో తానే పెట్టుకోమను. ఎవరి చేతికి వాళ్లకి కితకితలు రావు" అని పైనుంచి బొడోబాబు గొంతు. మాట నిజమే. పెదనాన్న ఊపిరి బిగబట్టి, మెల్లగా నడుములో దోపుకుని, లాల్చీ దించాడు. ఏమీ కనబడలేదు. గొప్ప సంగతి. కానీ మనిషన్నాక ఊపిరి వదలాలి కదా. వదిలాడు. పొట్ట కదిలింది, దాంతోపాటు పిస్తోలూ కదిలింది, ఆయన పెదవులు వణకడం మొదలెట్టాయి.

"ఆపుకోండి. అలవాటవుతుంది" అని బొడోబాబు గొడుగు అందుకుని ఆయనకి ఎదురుగా నిలబడ్డారు. "నేను దొంగని. మీ దగ్గరికి వచ్చాను. మీరు దాన్ని తీయాలి." అంటూ గొడుగు కొన ఆయన గుండెకి గురిపెట్టి, చదివి వినిపిస్తున్నంత నిదానంగా, "టాకా దావ్" అన్నారు. డబ్బు ఇవ్వమని.

పెదనాన్న చెయ్యి నడుము దగ్గరికి పోయింది. వేళ్లు తగిలాయి. మొహం అంతా కందగడ్డలా ఎర్రబడింది. "దాదా... ఎక్టూ దాఁడావ్ దాదా..." అన్నాడు. కొంచెం ఆగన్నా అని. దొంగని బతిమాలుతున్నాడు! "హిహి... ఒక్క నిమిసం దాదా... ఇదిగో తీస్తన్నా..." అంటూ మెలికలు తిరిగి, బల్లకి ఆనుకుని, చివరికి కూలబడి, కొట్టు అద్దాలు అదిరేలా నవ్వాడు. నేనూ నవ్వాను. దాచుకున్నవన్నీ కలిపి, కూడబెట్టినవన్నీ కలిపి, కళ్లనీళ్లు ధారలు కట్టేలా నవ్వాను. ఉద్యోగం పోయిందని మనసులో స్పష్టంగా తెలుస్తూనే ఉంది. తెలిసేకొద్దీ ఇంకా నవ్వొచ్చింది.

కాసేపటికి చూస్తే పెద్దమ్మ ఏడుస్తోంది. నవ్వి కాదు, నిజంగానే. అప్పుడు చెప్పింది. ఒక తెల్లవారుజామున మార్కెట్ నుంచి వస్తుంటే ఎవరో పెదనాన్న పొట్టకి కత్తి ఆనించి డబ్బు సంచి పట్టుకుపోయారట. గీత కూడా పడలేదు. కానీ ఆనాటి నుంచీ మనిషి మారిపోయాడట. మార్కెట్లో మాట లేదు, నిద్రలో కేకలు, నలుగురినీ నవ్వించే మనిషి మూలన కూర్చునేవాడట. అందుకే లైసెన్సుకి పెట్టుకున్నారు, అది రావడానికే బోలెడు కాలం పట్టింది. "నవ్వినాడమ్మా. ఇన్నాళ్లకి నవ్వినాడు" అంటూ ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను ఆ మాటలు బొడోబాబుకి బెంగాలీలో చెప్పాను. ఆయన గొడుగు పక్కన పెట్టి, చాలాసేపు పెదనాన్న వంకే చూశారు. చూసి చూసి, కరెంటు పోయి వచ్చాక పాత ఫ్యాను తిరగడం మొదలెట్టినట్టు, ముందు భుజాలు, తర్వాత మెడ, ఆ తర్వాత గొంతు కదిలి, ఆయన కూడా నవ్వేశారు. "దాఁడావ్ దాదా!" అని తనలో తనే అనుకుంటూ మళ్లీ నవ్వారు. నేను సంచీ సర్దుకుని లేచాను. "ఎక్కడికి?" అన్నారు. "రేపట్నుంచి..." అని నసిగాను. "ముందు ఆ పిస్తోలు బీరువాలో పెట్టు. తర్వాత టీ చెప్పు, నలుగురికి" అన్నారు.

టీ తాగుతూ బొడోబాబే పెదనాన్నకి నచ్చజెప్పారు. దొంగని ఆగమనే మనిషి దగ్గర తుపాకీ ఉంటే అది దొంగకే పనికొస్తుంది, డబ్బు పట్టుకుని ఒంటరిగా రాకండి అని. పెదనాన్న బుద్ధిగా తలూపాడు. తర్వాత ఆయన, తోటి వ్యాపారులు కలిసి ఒకే బండిలో రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మార్కెట్లో డబ్బంతా ఫోన్లలోకే పోయింది, మోసుకురావలసిన సంచే లేకుండా పోయింది. ఆ బేరం జరిగిన మర్నాడు పొద్దున్న మాత్రం కొట్టుకి అరటాకులో చుట్టి ఒక పెద్ద కాత్లా చేప వచ్చింది. తుపాకుల బల్ల మీద దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బొడోబాబు పడిన తిప్పలు వేరే చెప్పాలి.

అసలు దెబ్బ ఆ ఆదివారం చర్చిలో తగిలింది. సాక్ష్యాలు చెప్పే సమయంలో పెదనాన్న లేచి నిలబడి, దేవుడు తన భయాన్ని ఎలా తీసివేశాడో మొదలుపెట్టి, నడుము, చంక, చీలమండ అన్నీ అభినయించి, "ఇదంతా మన రైలుగార్డు గారమ్మాయి పనిచేసే తుపాకుల కొట్లో జరిగినాది, దేవునికి స్తోత్రం" అని ముగించాడు. చర్చి అంతా గొల్లుమంది. అమ్మ ఆటసామాన్ల కొట్టు అక్కడికక్కడే మూతపడింది. అమ్మ నా తొడ గట్టిగా గిల్లింది. ఆ గిల్లుడుకి కూడా నాకు నవ్వే వచ్చింది.

ఇప్పుడు నేను సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో కూర్చుంటున్నాను. నవ్వద్దని ఎవరూ అనరు. పైగా అందరం కలిసిమెలిసి సరదాగా ఉండాలని వారానికొక మీటింగు కూడా పెడతారు. అందులో అందరితోపాటు నేనూ పళ్లు కనబడేలా కూర్చుంటాను. ఆ జబ్బు ఎప్పుడు నయమైపోయిందో గుర్తులేదు. ఒక్కోసారి ఆ మీటింగు మధ్యలోనే, దుపట్టా నోట్లో కుక్కుకుని, చేతిలో పెన్నుతో బల్ల కింద నక్కిన ఆ పిల్ల కళ్ల ముందు మెదులుతుంది. మర్నాడు ఉద్యోగం ఉంటుందో లేదో దానికి తెలియదు. నా ఉద్యోగం మాత్రం గట్టిగానే ఉంది. ఆ పిల్ల పక్కన, ఆ బల్ల కిందే, కాసేపు నన్నూ కూర్చోనిస్తే బాగుండుననిపిస్తుంది.