ఊరికే కూర్చున్న డ్రమ్మర్

మా బ్యాండు సీరియస్ అయిపోయిన రోజు నాకు బాగా గుర్తుంది. మా పాటగాడు గడ్డం పెంచుకుని, నల్ల చొక్కా వేసుకుని వచ్చి, "ఇంక నవ్వులాటలు చాలు రా, మనం పెద్దవాళ్లమయ్యాం" అన్నాడు. అంతకు ముందు వారమే హాస్టల్ సాంబారు మీద పాట పాడుతూ, ఎగిరెగిరి మైకు స్టాండు విరగ్గొట్టిన పెద్దమనిషి వాడు. విరిగిన చోట నేను చుట్టిన టేపు ఇంకా అలాగే ఉంది.

మాది పాప్ పంక్. తెలియనివాళ్లకు చెప్పాలంటే ఉరుకుల పరుగుల డ్రమ్ములు, గరగరలాడే గిటారు, ఒకసారి వింటే నోటికొచ్చేసే పాట. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ మీద, రేకుల గదిలో ప్రాక్టీసు. కింద జావా క్లాసు నడుస్తుంటే పైన మేం ముగ్గురం బ్యాక్‌లాగుల మీద, మెట్రోలో పంజాగుట్ట దగ్గర దిగిపోయే అమ్మాయి మీద పాటలు కట్టేవాళ్లం. కింది స్టూడెంట్లు తిట్టడానికి మెట్లెక్కి వచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు తలలూపి పోయేవాళ్లు. పాటగాడే బేస్ కూడా వాయించేవాడు. గిటారు పంజాగుట్ట కుర్రాడిది, వాళ్ల నాన్నకు అక్కడ బట్టల కొట్టు. డ్రమ్ములు నావి.

మాది బోరబండ. మా నాన్న పెళ్లిళ్ల బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. బరాత్‌లో ఆయన తీన్‌మార్ అందుకున్నాడంటే పెళ్లికూతురి మేనత్తలు కూడా కొంగు బిగించి రోడ్డు మీదికి దిగాల్సిందే. నాకు పుల్లలు పట్టుకోవడం నేర్పింది ఆయనే. మెచ్చుకున్నది మాత్రం ఏనాడూ లేదు. "నీ చెయ్యి నిలవడదు రా, ఉరుకుతనే ఉంటది" అనేవాడు. వాయించడం అయ్యాక నా అరచెయ్యి పట్టుకుని చూసేవాడు. ఎర్రగా, వేడిగా ఉంటే "ఊఁ, గొట్టినవ్ తియ్" అని వదిలేసేవాడు. అంతకు మించి ఒక్క మాట ఆయన నోట వినాలని నాకు పిచ్చి కోరిక. మీసాలు వచ్చాక కూడా ఆ కోరిక చావలేదు.

సీరియస్ అంటే ఏమిటో పాటగాడే వివరించాడు. గిటారు తీగలు వదులు చేసి దాని గొంతు బొంగురు చేయాలి. వేగం సగానికి దించాలి. పాటల్లో చీకటి ఉండాలి, రక్తం ఉండాలి, ఒంటరితనం తప్పనిసరి. వాడి జీవితంలో వాడు పడ్డ పెద్ద కష్టం ఎస్సార్ నగర్‌లో కారు పెట్టుకోవడానికి చోటు దొరక్కపోవడం. ఆ మాటే వాడి మొహం మీద అన్నాను. గిటారిస్టు పడీ పడీ నవ్వాడు. పాటగాడు నవ్వలేదు, మర్చిపోనూ లేదు.

ఆ ఎండాకాలమంతా రేకుల కింద ఉడుకుతూ నిదానంగా వాయించడం నేర్చుకోవాలని నానా తంటాలు పడ్డాను. పాట మొదట్లో బాగానే ఉండేది. నడిమికి వచ్చేసరికి చెయ్యి తనంతట తానే ఉరికేది. ఒకరోజు పాటగాడు పాట ఆపేసి, "నువ్వెంత మెల్లగా వాయించినా పెళ్లికొడుకు గుర్రం మీద వస్తున్నట్టే ఉంటుందేంట్రా?" అన్నాడు. గిటారిస్టు ఈసారీ పడీ పడీ నవ్వాడు. ఎవరు ఎవరిని అన్నా నవ్వడమే వాడి పని. నాకు ఒళ్లు మండిపోయింది. పుల్లలు పాటగాడి మొహాన కొట్టి వచ్చేయాల్సింది. "ఇంకోసారి చేద్దాం" అన్నాను.

కొన్నాళ్లకు నన్ను కృష్ణానగర్‌లో ఒక చిన్న స్టూడియోకి రమ్మన్నారు. సినిమాలకు డబ్బింగులు చెప్పే గది అది. అక్కడ పాటేమీ వాయించనివ్వలేదు. ఒక్కో డ్రమ్మునూ విడిగా కొట్టమన్నారు. ఒక దెబ్బ కొట్టాలి, మోత పూర్తిగా చచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి. మళ్లీ ఇంకాస్త గట్టిగా. మళ్లీ ఇంకాస్త. అద్దం అవతలి నుంచి పాటగాడు బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించి, పండక్కి కొన్న మేకను మేపినట్టు, మంచి ముక్కలన్నీ ఏరి నాకే వేశాడు. నా సౌండు మీద ఇంత శ్రద్ధ పెడుతున్నారా అని నేను పొంగిపోయాను. ఆ రోజు కొట్టినంత ప్రేమగా నా బతుకులో ఎప్పుడూ కొట్టలేదు.

సంగతి పంజాగుట్టలో, ఇరానీ హోటల్లో చెప్పారు. నోరు విప్పింది గిటారిస్టు. "భాయ్, జర సమజ్ చేస్కో. నీ దెబ్బలన్నీ కంప్యూటర్ల ఉన్నయ్. గవి ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటే ఆల్బం అయిపోతది."

"మరి నేను?" అన్నాను.

పాటగాడు ఉస్మానియా బిస్కెట్టు టీలో ముంచుకుంటున్నాడు. "నీ సౌండు కావాలి రా. నీ చెయ్యే వద్దు" అన్నాడు. బిస్కెట్టు విరిగి టీలో పడింది. దాన్ని చెంచాతో తీసుకోవడంలో పడి వాడు నా మొహం వైపు చూడనే లేదు.

ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. ప్రాక్టీసుకని బయల్దేరి, ఎర్రగడ్డ రైతు బజార్లో పొద్దు పుచ్చి, ఏ సొరకాయో బీరకాయో పట్టుకుని ఇంటికి చేరేవాణ్ని. "గా బ్యాండుల కూరగాయలు సుత ఇస్తున్నరా?" అనేవాడు నాన్న.

ఆల్బం వచ్చింది. ఫోన్లో విన్నాను. చెత్తగా ఉంటే బతికిపోయేవాణ్ని, బాగుంది. ప్రతి దెబ్బా నాదే, ఒక్కొక్కటీ గుర్తుపట్టాను. కానీ నేనెన్నడూ వాయించలేనంత నిదానంగా, బరువుగా, ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా నడుస్తున్నాయి.

అయితే మొదటి షోలో వాళ్ల పరువు పోయింది. స్టేజీ మీద డ్రమ్ములు లేకుండా ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడితే, చూసినవాళ్లు వీడియోల కింద కడిగి పారేశారు. తర్వాతి ఆదివారం పాటగాడు మా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ల స్నేహంలో వాడు బోరబండలో అడుగు పెట్టడం అదే మొదలు. నాన్నకు నమస్కారం పెట్టి, "వచ్చే షోకి మీరు తప్పకుండా రావాలి అంకుల్. మీవాడు లేకపోతే మా బ్యాండే లేదు" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది.

సందులో బండి దగ్గర అసలు మాట చెప్పాడు. "ఊరికే కూర్చో. డ్రమ్ముల్లో దుప్పట్లు కుక్కేస్తాం, ఇత్తడి సింబల్స్ బదులు ప్లాస్టిక్‌వి పెడతాం, చప్పుడు రాదు. నువ్వు చేతులు ఆడిస్తే చాలు. చూసేవాళ్లకు అక్కడ ఎవరో ఒకరు కనబడాలి కదా."

"ఎవరో ఒకరైతే నేనెందుకు రా?"

"పాటలు నీకు తెలుసు కదా."

పొమ్మనడానికి నోరు తెరిచాను. అదే సమయానికి, నా షో గురించి నాన్న పక్కింటాయనకు గొప్పగా చెప్పడం బయటికి వినిపించింది. పాటగాడికీ వినిపించింది. చిన్నగా నవ్వి హెల్మెట్ పెట్టుకున్నాడు.

షో పంజాగుట్టలో ఒక కేఫ్ మేడ మీద, ఇంకా వెలుతురు ఉండగానే. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరుసలో నిలబడ్డాడు. పాట మొదలైంది. స్పీకర్లలో నా దెబ్బలు, వాటి వెంట నా చేతులు. మొదటి పాటలోనే అలవాటు కొద్దీ ఒకచోట ఉరికాను. నా పుల్ల దుప్పటి మీద మెత్తగా పడింది. దాని చప్పుడు ఒక్క క్షణం ఆగి, పడాల్సిన చోటే స్పీకర్లో పడింది. ఎవరూ గమనించలేదు. అందరూ కళ్లు మూసుకుని తలలూపుతున్నారు. "డ్రమ్మర్ మస్తు గొడ్తుండు భాయ్!" అని ఎవడో అరిచాడు. పాటగాడు మైకులో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. చెబుతూ నా వైపు తిరిగి, గుర్రం మీద కూర్చున్నట్టు ఒకసారి ఊగి చూపించాడు. అది నాకొక్కడికే తెలిసింది.

అయిపోయాక మెట్ల దగ్గర నాన్న నా కోసం నిలబడి ఉన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నేండ్లకు నిలవడ్డది రా నీ చెయ్యి" అన్నాడు. "ఒక్క దెబ్బ సుత ఉరకలే. గిట్ల నేను సుత గొట్టలే ఎన్నడు."

పుల్లలు పట్టిన నాటి నుంచి నేను చెవులు కోసుకున్న మాట అది. నాన్న ఎప్పటిలాగే తన చెయ్యి చాపి, "ఏదీ, చెయ్యి చూపెట్టు" అన్నాడు.

నా అరచేతులు చల్లగా, పొడిగా ఉన్నాయి. రెండూ జేబుల్లో పెట్టుకున్నాను.

"ఆకలైతుంది నాయినా, పోదాం పా" అన్నాను.