చమేలీ బుద్ధిగా నిలబడిన రోజు

మా మామయ్య పోయారు. కిందటి శుక్రవారం పొద్దున నేను కంకిపాడులో మా అమ్మ దగ్గరుండగా మా ఆయన ఫోన్ చేసి, "నాన్న లేరు, వచ్చెయ్" అని పెట్టేశాడు. బస్సులో కూర్చున్నాక గాని నాకు ఏడుపు రాలేదు. విజయవాడ చేరి, వన్ టౌన్‌లో మా సందులోకి తిరిగేసరికి వాకిట్లో బంధువులకంటే బ్యాండు మేళం వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు. వాయిద్యాలు లేకుండా, మామూలు చొక్కాల్లో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. పదిహేనేళ్ళపాటు వాళ్ళ మేళం వెనకాలే పెళ్ళికొడుకుల్ని గుర్రం మీద నడిపించుకొచ్చిన మనిషి ఆయన.

అంతకుముందు జట్కా తోలేవారు. స్టేషన్ దగ్గర ఆటోలు పెరిగి, జట్కా ఎక్కేవాళ్ళు కరువయ్యాక, తొంభైల మొదట్లో బండి అమ్మేసి తెల్ల ఆడగుర్రం చమేలీని మాత్రం ఉంచుకున్నారు. దాన్ని పెళ్ళి ఊరేగింపులకి తిప్పడం మొదలుపెట్టారు. విచిత్రమేమిటంటే ఆయన కొడుకే, అంటే మా ఆయనే, ఆటో కొన్నాడు. పెరట్లో గుర్రం, వాకిట్లో ఆటో. "నా నోటి దగ్గర కూడు లాక్కున్నదాన్ని నా గుమ్మంలోనే కట్టేసుకున్నా" అని నవ్వేవారు. నవ్వుతూనే ఆ ఆటోలో నమాజుకి వెళ్ళొచ్చేవారు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి మా అత్తగారు లేరు. గడ్డి వెయ్యడం, నీళ్ళు పెట్టడం, ఉలవలు నానబెట్టడం నా పనులయ్యాయి. మా పుట్టింట్లో నాలుగు గేదెలుండేవి. పశువుల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని చమేలీ మొదటి వారంలోనే దించేసింది. ఉలవలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే బక్కెట్టు తన్నేది. నుదుటి మీద జరీ పట్టీ కట్టబోతే చెవులు వెనక్కి పెట్టి తల విదిల్చేది. తండ్రీ కొడుకూ ఇద్దరూ పట్టుకుంటే గాని దానికి అలంకారం పూర్తయ్యేది కాదు.

పెళ్ళివాళ్ళు మొదట అడిగే మాట మాత్రం ఒకటే. "గుర్రం నెమ్మదైనదేనా సాయిబు గారూ? మావాడు జన్మలో ఎక్కలేదు."

"పువ్వండీ అది. పేరే చమేలీ" అనేవారు మామయ్య, ముఖంలో ఒక్క గీత కదలకుండా. వాళ్ళు వెళ్ళాక నా వంక చూసి, "ముళ్ళున్న పువ్వని చెప్పలేదు గదమ్మాయ్" అనేవారు.

ఒక ఎండాకాలం ఇబ్రహీంపట్నంలో పెళ్ళికి వెళ్ళొచ్చిన మర్నాడు చమేలీ తల వేలాడేసుకుని నిలబడింది. ఉలవలు సగం వదిలేసింది. నేను కంగారు పడిపోయి పశువుల డాక్టరు గారిని పిలవమన్నాను. మామయ్య తొందరపడలేదు. బక్కెట్టులో నీళ్ళు ఎంత తగ్గాయో చూశారు. కింద లద్దె పడిందో లేదో చూశారు. పై పెదవి ఎత్తి, చిగుళ్ళు బొటనవేలితో నొక్కి చూశారు. చివరికి దాని డొక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయారు. మేకు కొట్టినట్టు అక్కడే నిలబడ్డ నన్ను కూడా పిలిచి వినమన్నారు. లోపల గుడగుడమని చప్పుడు.

"కడుపు మాట్లాడుతోంది. నీళ్ళు తాగింది, లద్దేసింది. ఇది అలసట. ఒక్క పూట చూద్దాం" అన్నారు.

"పూట ఆగితే ముదిరిపోదాండీ?"

"ఈ నాలుగిట్లో ఏ ఒక్కటి తప్పినా నేను పూట కాదు గదా, నిమిషం ఆగను. అన్నిటికీ పరిగెత్తితే, పరిగెత్తాల్సిన రోజున డాక్టరు గారు మన మాట నమ్మరమ్మాయ్."

సాయంత్రానికి చమేలీ బక్కెట్టు తన్నింది. బక్కెట్టు చప్పుడు విని ఒక ఇల్లు ఇల్లంతా సంతోషించడం నేను మరెక్కడా చూడలేదు.

ఆయన నేర్పిన పాఠం నిజానికి ఒక్కటే. పశువుకి బాగోలేదేమోనని అనుమానం వస్తే అది ఏం చేస్తోందని అడగకూడదు. "రోజూ చేసే వాటిల్లో ఇవాళ ఏం చెయ్యలేదో అది చెప్పు" అనేవారు. పక్కింటి గుర్రంతోనో పుస్తకంలో గుర్రంతోనో పోల్చకూడదు, దాని నిన్నటితోనే దాన్ని పోల్చాలి. ఆ చూపు నాకు ఎంతగా అలవాటైందంటే, పిల్లల జ్వరాలు కూడా నేను అలాగే కనిపెట్టేదాన్ని. రెండేళ్ళ క్రితం మామయ్య వరసగా మూడు రోజులు టీ సగం వదిలేసి, పేపరు వచ్చినా కళ్ళద్దాలు అడక్కపోతే, ఆయన వద్దంటున్నా వినకుండా ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాను. గుండె అన్నారు. వేళకే వచ్చారన్నారు. దారంతా ఆయన ఒకటే నస. "నన్ను గుర్రాన్ని చేశావు గదమ్మాయ్. ఇంక డొక్కకి చెవి పెట్టి వింటావేమో." ఆ రెండేళ్ళూ మాకు దక్కిన అదనం. చివరిసారి మాత్రం ఆయన ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. తెల్లవారుజామున నిద్రలోనే అయిపోయింది. నేను ఊళ్ళో ఉండుంటే ఏమైనా కనిపెట్టేదాన్నా అని ఈ వారం రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

ఇవన్నీ కాదు, నేను చెప్పాలనుకున్నది ఒక మే నెల రోజు సంగతి. రెండు వేలు దాటిన తొలి ఏళ్ళలో అనుకుంటాను. కాలువలు కట్టేశారు. మాకు పచ్చగడ్డి మోపులు తెచ్చే మనిషి, చేలన్నీ ఎండిపోయాయని చేతులెత్తేశాడు. ఉన్న కాస్త పచ్చగడ్డీ పొదుపుగా వాడమనీ, ఎండు వరిగడ్డి కొంచెం కొంచెంగా, తడిపి వెయ్యమనీ మామయ్య చెప్పారు. మా గేదెలు ఎండుగడ్డి మీదే బతికేవి, దీనికేం రోగం అనుకున్నాను నేను. వారం రోజులు గేదెలకి వేసినట్టే పొడిగడ్డి దండిగా వేశాను.

ఆ రోజు సాయంత్రం వన్ టౌన్‌లోనే చింతపండు హోల్‌సేల్ వ్యాపారి ఇంట పెళ్ళి. మామయ్య నమాజుకి వెళ్ళారు. మధ్యాహ్నం మా ఆయనా నేనూ అలంకారం మొదలుపెట్టాం. జరీ పట్టీ కట్టాను, చెవి కదల్లేదు. మెడలో గంటలు కట్టాం, తల విదల్చలేదు. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. "చూడండి, ఇన్నాళ్ళకి దీనికి బుద్ధొచ్చింది. పెళ్ళివాళ్ళు ఫిదా అయిపోతారు" అని మా ఆయనతో గొప్పగా చెప్పాను. ఆయన కూడా, "ఇవాళ నాన్న పని హాయి" అన్నాడు. మా వ్యాపారంలో నెమ్మదిగా ఉన్న గుర్రమే మంచి గుర్రం. నెమరేస్తూ కదలకుండా ఉన్న గేదె మంచి గేదె అని నేను పుట్టింట్లో నేర్చుకొచ్చాను. రెండూ కలిసి నా కళ్ళు కప్పేశాయి.

మామయ్య వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. "ఎవరు పట్టుకున్నారు, పట్టీ కట్టేప్పుడు?"

"ఎవరూ పట్టుకోలేదండీ. బుద్ధిగా నిలబడింది" అన్నాను నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. బక్కెట్టు చూశారు. నిండా ఉంది. కింద చూశారు. శుభ్రంగా ఉంది. పొద్దున్నే నేను ఊడ్చాననుకున్నారేమో, నా వంక చూశారు. నేను ఊడవలేదు, ఊడవడానికి ఏమీ లేదు. ఆ సంగతి అప్పుడు తట్టింది నాకు. డొక్కకి చెవి పెట్టారు. అటు తిరిగి రెండో పక్క కూడా పెట్టారు. చమేలీ ఒకసారి మెడ తిప్పి తన పొట్ట వంక చూసుకుంది.

"కడుపు మాట్లాడ్డం లేదు. ఒరే, ఆటో తియ్యి. డాక్టరు గారిని తీసుకురా, ఏ పనిలో ఉన్నా సరే. అమ్మాయ్, గంటలిప్పెయ్."

"పెళ్ళో నాన్నా?" అన్నాడు మా ఆయన.

"ఇది నడిస్తే బతకదురా."

డాక్టరు గారు గంటలో వచ్చారు. పేగుల్లో పొడిగడ్డి గట్టిపడి అడ్డం పడిందన్నారు. ఇంజక్షన్ చేసి, ముక్కులోంచి గొట్టం దించి నూనె పోశారు. "ఊరేగింపుకి తీసుకెళ్ళుంటే నేను చేసేదేం ఉండేది కాదండీ. ఇప్పుడైనా లద్దేసేదాకా ఏం చెప్పలేను" అన్నారు. పొడిగడ్డి వేసింది నేనే అని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

మామయ్య జరీ కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, కుచ్చుల గొడుగు పట్టుకుని బయల్దేరారు. గుర్రం లేకుండా ఎక్కడికండీ అంటే, "మాటిచ్చాం. గుర్రం రాకపోతే నేనైనా వెళ్ళాలిగా. నువ్వు దీన్ని కనిపెట్టుకుని ఉండు" అన్నారు. ఇంత తప్పు చేసినదాని చేతిలోనే పెట్టి వెళ్ళిపోయారు.

అక్కడ జరిగింది బ్యాండు మాస్టారు తర్వాత చెప్పాడు. పెళ్ళికొడుకు తండ్రి అందరి ముందూ అరిచాడట. "ఇదేం మాటండీ సాయిబు గారూ, నెత్తి మీదికొచ్చాక చెప్తారా?" మామయ్య చేతులు కట్టుకుని అంతా విని, "మీ ఇంట శుభం జరుగుతుంటే రోడ్డు మీద నా గుర్రం పడిపోగూడదండీ. అందుకే తేలేదు" అన్నారట. ఆ మాటకి పెద్దాయన చల్లబడ్డాడు. పెళ్ళికొడుకుని కారెక్కించారు. మామయ్య ఆ కారు పక్కనే, గుర్రం పక్కన నడిచినట్టే గొడుగు పట్టుకుని మండపందాకా నడిచారు.

నేను చమేలీ దగ్గరే కూర్చున్నాను. దానికి దణ్ణాలు పెట్టాను, తిట్టాను, దువా చేశాను. వీధి దీపాలు వెలిగే వేళకి అది తోకెత్తింది. నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

అప్పుడే మామయ్య సందులోకి వచ్చారు. "వేసిందండీ మామయ్యా!" అన్నాను ఎదురెళ్ళి. ఆయన తిన్నగా లోపలికి వెళ్ళి, ఆ జరీ కోటుతోనే గొంతుక్కూర్చుని, లద్దె వేళ్ళతో విరిచి చూశారు. నూనె దిగిందన్నారు. తర్వాత చెయ్యి కడుక్కొచ్చి గోడకి ఆనుకుని గడ్డిలోనే కూలబడ్డారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"నేనే మామయ్యా. పొడిగడ్డి ఎక్కువేశాను. తడపలేదు."

"తెలుసమ్మాయ్. మధ్యాహ్నం ఆ గడ్డి చూడగానే తెలిసింది."

"మరి ఒక్క మాటన్నా అనలేదేంటండీ?"

"అంటే రేపట్నించి నా దగ్గర దాస్తావు. నువ్వు దాస్తే అది చచ్చిపోద్ది."

అలా అని, కోటు జేబులోంచి పెళ్ళివారిచ్చిన లడ్డూ తీసి, సగం నా చేతిలో పెట్టారు. మిగతా సగం పట్టుకుని, తినడం మర్చిపోయి, తలపాగా పక్కకి ఒరిగిపోయినా సర్దుకోకుండా, చమేలీనే చూస్తూ ఆ గడ్డిలో అలాగే కూర్చుండిపోయారు.