కువైట్‌కి కొసరు లేదు

ఏళ్లుగా ఒక మాట నాలుక కింద పెట్టుకుని తిరుగుతున్నానండి. నా నాలుక కింద ఏ మాటా నిలవదని మా ఊరంతా ఒప్పుకుంటుంది. పెళ్లిలోనైనా, చావింట్లోనైనా, ఆటోలోనైనా నేనున్నానంటే నవ్వులే. ఆ నవ్వులతోనే దీన్ని కప్పాను. ఇంక కప్పలేను. మీరు నాకు చుట్టం కారు, పక్కం కారు. అందుకే ముందు మీకు చెప్తున్నాను.

మాది ఆత్రేయపురం. మా మేనత్త నాగమణి పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ, కింద మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగుతుంది. అంతే, అవతలి మనిషి కనిపించేంత పలచటి రేకు లేస్తుంది. నేను తొమ్మిదిలో బడి మానేశాను. ఆ రోజు లెక్కల మాస్టారు మిఠాయిలు పంచారని పుకారు. కానీ ఫోన్ చేతికిస్తే నాకు రాని పని లేదు. అత్తకి ఆన్‌లైన్ షాపు పెట్టింది నేనే. ఇప్పటికీ గర్వంగానే చెప్తాను. అమెరికాలో తెరిస్తే ధర డాలర్లలో, దుబాయ్‌లో తెరిస్తే దిర్హాముల్లో, కువైట్‌లో తెరిస్తే దినార్లలో కనిపిస్తుంది. కొనేవాళ్లు వేళ్లు మడిచి లెక్క కట్టుకోనక్కర్లేదు.

ఆ సదుపాయంలోనే నా దొంగబుద్ధి దూరింది. మారకం రేటు దానంతటదే పడేలా పెట్టొచ్చు, మనమే వేసుకోనూవచ్చు. దినారంటే మన రూపాయి పక్కన ఏనుగు. అందుకే దినార్లలో ఏ ధరైనా చిన్న అంకెలా కనిపిస్తుంది. ఒకటిన్నర పడాల్సిన చోట మూడు వేశాను. మూడంటే ఎవరికి కోపమొస్తుంది? అత్త ధర అత్తకి ముట్టేది, పైది నాకు మిగిలేది. దోచుకుంటున్నానని అప్పుడు అనుకున్నానా? లేదండి, తెలివనుకున్నాను. తెలివికీ దొంగతనానికీ మధ్య ఉండే పొర మా రేకు కన్నా పలచన. రోజూ రేకులు చుట్టేవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అత్తకి మార్త అని చిన్ననాటి స్నేహితురాలు ఉంది. ఇద్దరూ ఒకే కుండ దగ్గర చేతులు కాల్చుకుని రేకు తీయడం నేర్చుకున్నారు. తర్వాత మార్తత్త ఇంటిపనికి కువైట్ వెళ్లింది. క్రిస్మస్ వస్తే తణుకులో తమ్ముడింటికి మా పూతరేకులు పంపించేది. ఫోన్ చేసి అడిగితే నాగమణి డబ్బు తీసుకోదని, అందరిలాగే ఆన్‌లైన్‌లో కొనేది. పెట్టె వెళ్లేది గోదావరి దాటి తణుకుకే. ధర మాత్రం కువైట్ ధర, ఆవిడ ఫోన్ అక్కడుంది కాబట్టి.

ఒకసారి ఆవిడ మరదలు మా ఇంటికే వచ్చి అదే పెట్టె కొనుక్కెళ్లింది. వదినా మరదళ్లు ధరలు చెప్పుకున్నారు. మర్నాడే వీడియో కాల్ వచ్చింది. అత్త చేతులు పిండిలో ఉన్నాయి, ఫోన్ నేను పట్టుకున్నాను.

"ఏంటే నాగమణీ, మా మరదలికో ధర, నాకో ధరా? కువైట్‌లో డబ్బులు చెట్లకి కాస్తున్నాయనుకున్నావా?"

అత్త నావైపు చూసింది. "ఏంట్రా అది?"

"ఏం లేదత్తా. మార్తత్త దినారు లెక్క మర్చిపోయినట్టుంది. అక్కడి ఎండకి బుర్రలో లెక్కలు ఆవిరైపోతాయంట."

రేకులు చుడుతున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"నవ్వండమ్మా. ఒకళ్లింట్లో అంట్లు తోమి తెచ్చుకునే దినారు. దాని లెక్క నాకు తెలీదా?"

"మా ఇంట్లో రెండు ధరల్లేవే మార్తా. ఈ కుండ మీద ఒట్టు," అంది అత్త.

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

అత్త మళ్లీ నన్ను చూసింది. అప్పుడైనా చెప్పొచ్చు. నేను అవునన్నట్టు తల ఊపాను.

"ఆడుతున్నావు," అంది అత్త.

కాల్ కట్టయింది.

ఆ సాయంత్రమే రేటు సరిచేశాను. అబ్బో, ఎంత నిజాయితీ! దొంగ తాళం వేసి వెళ్లినట్టు.

పెట్టెలో లెక్క ప్రకారం సర్దాక పైన ఒక రేకు కొసరు వేయడం అత్తకి వాళ్లమ్మ నుంచి వచ్చిన అలవాటు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త చట్టం వచ్చింది, కువైట్‌కి కొసరు లేదు. మొహం తెలియని వాళ్లకి కూడా, ఆ దేశం పేరు ఉంటే చాలు, పెట్టె మూసేస్తుంది. తర్వాత మార్తత్త సెలవు మీద వచ్చింది. ఆటోలో మా ఇంటి ముందు నుంచే వెళ్లింది, తల తిప్పలేదు. కుండ మీది రేకు అత్త చేతిలో చిరిగింది. అత్త చేతిలో రేకు చిరగడం నేనెప్పుడూ చూడలేదు. గాలికి చిరిగిందత్తా, అన్నాను. ఆ రోజు ఎక్కడండీ గాలి?

నేను తీసుకున్నది దినార్లేనా? అవైతే ఎప్పుడో ఒకప్పుడు తిరిగి ఇవ్వొచ్చు. మార్తత్త మాటకున్న విలువ తీసేశాను. అత్త చేత అత్తకే తెలియకుండా అబద్ధపు ఒట్టు వేయించాను. ఒక్క తల ఊపుతో ఇద్దరి మాటా తిన్నాను. ఏ రేటుతో కడతాం దాన్ని?

ఇంతవరకు నిన్న రాశాను. ఇవాళ కువైట్ నుంచి ఎవరిదో ఆర్డరొచ్చింది. అత్త పెట్టె మూయబోతుంటే కొసరు రేకు నేనే వేశాను. "ఏంట్రా, ఒళ్లు మరిచావా?" అంది. అక్కడే, ఆడవాళ్లందరి ముందు, జోకు ఒక్కటీ కలపకుండా మొత్తం చెప్పేశాను. మొదట నవ్వారు. జోకనుకున్నారు పాపం. తర్వాత ఎవరూ నవ్వలేదు.

అత్త తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. గుడ్డ ముంచింది, రేకు తీసింది, ఇంకోటి తీసింది. నన్ను క్షమించిందా? ఆ మొహంలో అలాంటిదేం లేదు. కానీ నాకు మాత్రం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, గుండెల నిండా ఊపిరాడింది.

"ఫోన్ పట్టుకో," అంది చివరికి. "మార్తకి కలుపు. నా చేతులు తడి."

పట్టుకున్నాను. రింగవుతోంది. ఎత్తితే మొదటి మాట నాదే. ఎత్తకపోతే రేపు మళ్లీ పట్టుకుంటాను.