చాయ్ కప్పు కింద మామ ధోతి

ఆ రోజుల్లో కొత్త పెళ్లికూతురు మొగుడితో పగటిపూట రెండు మాటలు మాట్లాడిందంటే ఊరంతా చెప్పుకునేది. అందులోనూ మా ఆయన తాండూరు స్టేషన్‌లో గూడ్స్ గుమాస్తా, నేనేమో వికారాబాద్‌లో అత్తగారింట్లో. శనివారం సాయంత్రం ప్యాసింజర్‌లో వచ్చేవారు, సోమవారం తెల్లారకముందే వెళ్లిపోయేవారు. నడుమ నాకు దక్కే మాటలు "జర నీళ్లియ్యి", "లోటా యాడున్నది", అంతే. (ఆ లోటాలో కూడా ప్రేమ వెతుక్కునేదాన్ని. వయసట్లాంటిది.) మిగతా రోజుల్లో తాండూరు వైపు పోయే ప్రతి రైలు కూతకూ చేతిలో పని ఆగిపోయేది. అక్కడ గది చూశానని ఆయన ఎప్పుడు కదిపినా అత్తది ఒకటే మాట: "కప్పు పెట్టుడు రాని పిల్ల కాపురమేం జేస్తదిరా?"

ఆ మాటకో కారణముంది. మామకు హైదరాబాద్ నుంచి తెప్పించుకున్న టేకు టేబుల్ అంటే ప్రాణం. పూడూరు దిక్కున్న పొలం నుంచి రాగానే కాళ్లు కడుక్కోకముందే దాన్ని తుడిచేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో నేను పొగలు కక్కే చాయ్ కప్పు తెచ్చి దాని మీదే పెట్టాను. తెల్లటి గుండ్రటి మరక పడింది. కొబ్బరినూనె రుద్దినా పోలేదు. ఇంటికెవరొచ్చినా అత్త దాన్ని చూపించి, "గిది మా కోడలు వెట్టిన బొట్టు" అనేది.

అట్లా ఉండగా మా ఆయన ఆఫీసులో పెద్ద గుమాస్తా, భార్యతో కలిసి అనంతగిరి దేవుడి దర్శనానికి వస్తూ మా ఇంట్లో చాయ్ తాగి పోతారని కబురొచ్చింది. ఈసారి మరక పడితే తాండూరు మీద ఆశ వదులుకోవాల్సిందే. మామ పాత ధోతిని పీలికలు చింపి, జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుట్టాను. చిక్కటి గంజిలో ముంచి మిద్దె మీద ఆరేశాను. ఎండకు అవి టకటకమనేంత గట్టిపడ్డాయి. కప్పుల కింద పెట్టేందుకని చెబితే అత్త ఒకటి అటూఇటూ తిప్పి చూసి, "కప్పులకు గూడ పరుపులా?" అంది.

వాళ్లొచ్చారు. నా గుడ్డ చుట్టల మీద కప్పులు, పక్కన పళ్లెంలో అట్లాగే గుండ్రంగా చుట్టిన సకినాలు పెట్టి, నేనూ అత్తా తలుపు చాటున నిలబడ్డాం. పెద్ద గుమాస్తా కప్పెత్తగానే ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. వాటిని తీసి పక్కన పెట్టి, సకినం కోసం చెయ్యి చాచాడు. చేతికి నా చుట్ట తగిలింది. కొరికాడు. తెగలేదు. దవడ పక్కకు తిప్పి మళ్లీ కొరికాడు. "జర గట్టిగున్నయి గనీ, మంచిగున్నయి" అన్నాడు పాపం, మర్యాద కోసం. మామ అలవాటు కొద్దీ "ఇంకోటి తీసుకోండ్రి" అని, తన ధోతి అంచు ఆయన నోట్లో కనబడేసరికి కొయ్యబారిపోయాడు.

పెద్ద గుమాస్తా భార్యది కర్ణాటక వైపు. "ఏన్రీ ఇదు? ఏందండి గిది?" అంటూ మొగుడి పెదవి మీద దారప్పోగు పట్టి లాగింది. అది వచ్చింది. ఇంకా లాగితే ఇంకా వచ్చింది. తాండూరు రైలు వెళ్లిపోయిందనుకున్నాను. అప్పుడు నా పక్కన ఏదో వింత చప్పుడు. చూద్దును కదా, అత్త! నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుతోంది. ఆపుకోలేక తలుపుకు జారబడి కూర్చుంది. (ఆమె అట్లా నవ్వడం నేనెన్నడూ చూడలేదు.)

నేను తల వంచుకుని బయటికొచ్చి, "అది తినేది గాదండి, కప్పు కింద వెట్టేది" అన్నాను. పెద్ద గుమాస్తా భార్య కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మొగడు తాండూరుల, నువ్వీడనా? గీ పిల్లను పంపుండ్రి. నాక్కూడ జర పొద్దువోతది" అంది మామతో. మామ టేబుల్ వైపు చూశాడు, అతిథి వైపు చూశాడు. "ధోతి తినవెట్టినంక మీ మాట ఎట్ల కాదంట?" అన్నాడు.

అట్లా తాండూరు చేరాను. నున్నటి బండల గది, మా ఇద్దరికే. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. పగలంతా మాట్లాడటానికి గోడలు. మబ్బు పట్టిందంటే, మిద్దె మీద మిరపకాయలు అత్త ఒక్కతే ఎట్లా ఎత్తుతోందోనని మనసు పీకేది. మొదటి శనివారం ఆయన మల్లెపూలతో వచ్చేసరికి నేను మూట కట్టుకుని గడపలో కూర్చున్నాను.

"యాడికి?"

"వికారాబాద్‌కు. అత్తను జూసొస్త."

ఆయన పూలు పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. "నిన్ను ఈడికి తెచ్చెటందుకు మా సాబు బట్ట గూడ నమిలిండు గదనే!" అన్నారు. అన్నారే గానీ, మూట ఆయనే ఎత్తుకున్నారు.

తలుపు తీసిన అత్త, "అప్పుడే మొకం మొత్తిందా నీ తాండూరు?" అంది. అంటూనే నా తలకింత నూనె పెట్టడానికి గిన్నె వెతకసాగింది. గిన్నె ఎదురుగానే ఉంది, ఆమెకే కనబడలేదు, కళ్లు తుడుచుకుంటోంది.

ఇప్పుడు ఆమె లేదు, ఆయనా లేరు. ఇక్కడుంటే అక్కడికనీ, అక్కడుంటే ఇక్కడికనీ కళ్లనీళ్లు పెట్టుకుని రైలెక్కిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. రెండు చోట్లా తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని దానికప్పుడు తెలియలేదు. తెలిసుంటే, కిటికీ పక్కన కూర్చుని కాస్త పల్లీలు తింటూ పోయేది.