తుమ్ములు రావన్న కల్లం

1999లో పొదిలి ఆరోగ్య కేంద్రంలో హెల్త్ ఎడ్యుకేటర్‌గా ఉన్న నన్ను, యూనివర్సిటీలో చదువుకు డెప్యుటేషన్ మీద పంపారు. ప్రజారోగ్యమూ ఆంత్రోపాలజీ కలిపి చదవాలి. మొదటిది జబ్బుల్ని లెక్కపెట్టే శాస్త్రం, రెండోది మనుషుల అలవాట్లూ నమ్మకాలూ తెలుసుకునేది. ఒక్కో దానికి ఒక్కో గైడు, ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

నా అంశం మిరప ఘాటు ఆడకూలీల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందని. నల్లపాడు దగ్గర ఒక కల్లంలో కాయలకు తొడిమలు తీసేవాళ్లను "తుమ్ములు వస్తాయా?" అని అడిగాను. ఒక్కరూ తప్పకుండా "రావండీ" అన్నారు. అంటూనే తుమ్మారు. నేను బుద్ధిగా "లేదు" అని రాసుకున్నాను.

ప్రజారోగ్యం మాస్టారు అది చూసి, జబ్బే లేనిచోట పరిశోధనేమిటని అంశం రద్దు చేస్తానన్నారు. అంశం పోతే డిగ్రీ లేకుండా పొదిలి బస్సెక్కాల్సిందే. ఒక్కసారి కల్లానికొచ్చి చూడమని బతిమాలాను. వచ్చారు. ఆంత్రోపాలజీ మేడమ్ పిలవకుండానే వచ్చారు.

ఊపిరి బలం కొలిచే మీటరును కూలీల ముఠా పెద్ద మస్తానమ్మ చేతికిచ్చాను. చుట్టూ తుమ్ములే తుమ్ములు. ఆవిడ గొట్టం నోట పెట్టుకోబోతుంటే మాస్టారు ఒక్క తుమ్ము తుమ్మారు. ఆవిడ టక్కున దించేసింది.

"సారు తుమ్మారుగా! కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి మొదలెడదాం."

"పొద్దుట్నుంచి మీరంతా తుమ్ముతూనే ఉన్నారు కదమ్మా!" అన్నాను.

"మాయి తుమ్ములేందండీ! అది కాయ ఘాటు. సారు ఇప్పుడేగా దిగింది, అప్పుడే ఘాటు తగిలిద్దా? ఆయనది అసలు తుమ్ము."

మేడమ్ ఆనందం పట్టలేకపోయారు. జంట తుమ్ముకు దోషం లేదు కదా అంటూ గుప్పెడు కాయలు తీసి మాస్టారి ముక్కు కింద పెట్టారు. ఆయన పాపం తుమ్మారు కూడా.

"చెల్లదు, చెల్లదు! అది ఘాటే!" అని కల్లమంతా అరిచింది. నవ్వితే తుమ్ములు, తుమ్మితే నవ్వులు. నేను కడుపు పట్టుకుని మిర్చి బస్తాల మీద కూలబడ్డాను. మాస్టారు కళ్లు తుడుచుకుంటూ నా కలం లాక్కుని, పాత ప్రశ్న కొట్టేసి "ఘాటు తగులుతుందా?" అని స్వయంగా రాశారు.

"ఎందుకు తగలదండీ!" అన్నారందరూ. నా అంశం నిలబడింది.

మంచినీళ్లయ్యాక మస్తానమ్మ గట్టిగా ఊదింది. ముల్లు సగం దాకా కూడా లేవలేదు. మా నవ్వు అక్కడ ఆగింది.

లెక్కపెట్టే ముందు, వాళ్ల లెక్కలో ఏది తుమ్మో, ఏది ఘాటో అడగాలి. రెండు శాస్త్రాలూ కలిపి చదవమన్నది ఇందుకేనని ఆ రోజు తెలిసింది.