రెండో క్యాసెట్

నా చిన్నప్పుడు మా రైల్వే క్వార్టర్ల వరసంతా కలిసి ఒక చైనా సినిమా చూశాం. ఒక ముఠా పెద్ద, అతను చేరదీసి పెంచిన కుర్రవాడు, చివరికి ఒకరి మీద ఒకరు తుపాకి ఎత్తడం, అదీ కథ. మొన్న అదే సినిమా మళ్ళీ చూడాల్సి వచ్చింది. మా మేడ మీది గదిలో ఉంటున్న అబ్బాయి గుంటూరు వైపువాడు, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుకుంటున్నాడు. పాత రీళ్ళను కడిగి కొత్తగా విడుదల చేసిన డిస్కు తెప్పించుకున్నాడు. తీరా చూస్తే కడగడం మరీ ఎక్కువైందట. మొహాల మీద ముడతలు కూడా తుడిచేశారట, మనుషులు మైనపు బొమ్మల్లా ఉన్నారట, చీకట్లో జరిగేవాటికి పట్టపగలు వెలుతురు పోశారట. పాతదే బాగుండేది కదా ఆంటీ అని నన్ను సాక్ష్యానికి పిలిచాడు. పాతది సరిగ్గా కనబడితే కదా బాబూ చెప్పడానికి, అని మెట్లు దిగి వచ్చేశాను. ఈ మధ్య మెట్లు దిగడానికే ఓపిక అయిపోతోంది, ఇంక వాదనలెక్కడ.

ఆ రోజుల్లో బెంగాలీల ఊళ్ళో ఉన్న మా రైల్వే కాలనీకి, న్యూ సెటిల్‌మెంట్‌కి, సినిమా రిక్షా ఎక్కి వచ్చేది. వీడియో దుకాణం నుంచి టీవీ, క్యాసెట్ ప్లేయరు అద్దెకు తెచ్చుకునేవాళ్ళం. ఆదివారం చర్చి అయ్యాక, భోజనాలు కానిచ్చి, మా ముందుగదిలో ట్రంకుపెట్టె మీద టీవీ పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టేవారు. తెలుగు క్యాసెట్లు ఆంధ్రా వైపు నుంచి డ్యూటీ మీద వచ్చేవాళ్ళెవరైనా తెస్తేనే. లేదంటే దుకాణం దాదా, ఇక్కడ అన్నను దాదా అంటారు, ఏది చేతిలో పెడితే అదే మాకు వినోదం. ఆ ఆదివారం ఆయన చైనా ముఠాను పెట్టాడు.

అది కాపీకి కాపీ, దానికీ కాపీ. తెర మీద బియ్యం కడిగిన నీళ్ళు పారుతున్నట్టుండేది. ముఠా పెద్ద ఎవరో, కుర్రవాడెవరో, ఇద్దరికీ తెల్ల కోట్లే కాబట్టి ఎవరు ఎవరిని తిడుతున్నారో తెలిసేది కాదు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు సగానికి తెగిపోయేవి. కాలేజీకి వెళ్ళే పక్కింటి అక్క ఆ పై సగం చూసి మాటలు ఊహించి మాకు తెలుగులో చెప్పేది. ఊహ అందని చోట తన సొంత కథ కలిపేది. ఆమె చెప్పిన సినిమాలో ముఠా పెద్దకు చెల్లెలి పెళ్ళి బెంగ కూడా ఉండేది. కొత్త డిస్కులో అలాంటి చెల్లెలెవరూ లేరు.

మా నాన్న గూడ్సు బండి డ్రైవరు. నాన్న గురించి ఒక సంగతి ముందే చెప్పాలి. డ్రైవర్లకు కొన్నేళ్ళకోసారి ఆసుపత్రిలో కళ్ళ పరీక్ష ఉండేది. అందులో తప్పితే ఇంజను దిగాల్సిందే, ఏదో మూల చిన్న పని ఇస్తారు, జీతమూ మర్యాదా రెండూ తగ్గుతాయి. అందుకని పరీక్ష దగ్గరపడితే మా వరసలో కొందరు ఆ గోడ మీది అక్షరాలను ముందే కంఠతా పట్టేవారు. ఎవరో ఒకరు చూసి వచ్చి చెప్పేవారు, అది ఇంటింటికీ తిరిగేది. దాన్ని తప్పనుకున్నవాళ్ళు నాకు గుర్తు లేరు. ఆ వారమే నాన్నకు పరీక్ష. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ వరస వరసా అప్పజెప్పించుకునేది. వినీ వినీ అవి నాకూ వచ్చేశాయి, ఆదివారం బడిలో నేర్పే వాక్యాల కన్నా గట్టిగా.

సరే, సినిమా. గంట చూసేసరికి అందరికీ తల నొప్పి పుట్టింది. ఇంక లాభం లేదని మామయ్య లేచాడు. మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు, గార్డు. చాలాసార్లు నాన్న తోలే బండికే చివరి డబ్బాలో ఆయన ఉండేవాడు. క్యాసెట్ చంకన పెట్టుకుని, సైకిలెక్కి దుకాణానికి పోయి, దాదాతో పోట్లాడి అదే సినిమాకు మంచి క్యాసెట్ పట్టుకొచ్చాడు. ఆ దాదా తన ఇంట్లోవాళ్ళ కోసం దాచుకున్నదట.

అది పెట్టగానే గదిలో అందరూ హాయిగా ఊపిరి వదిలారు. ముఠా పెద్ద కోటుకున్న బొత్తాలు కనబడ్డాయి. కుర్రవాడి చెంప మీద గాటు కనబడింది. పక్కింటి అక్క ఇప్పుడు పూర్తి అక్షరాలు గబగబా చదువుతూ, ఇందాక తను చెప్పినదానిలో సగం తప్పని తనే నవ్వుకుంది. అప్పుడు నాన్న, కుర్చీలో వెనక్కి వాలి, తాపీగా అన్నాడు.

"ఇదీ అలాగే ఉన్నాది కదేటి. ఆ దాదా నిన్ను మళ్ళీ మోసం సేసినాడు బామ్మర్దీ."

ఎవరూ నవ్వలేదు. మామయ్య తెర వైపు కాదు, నాన్న వైపు చూశాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్నకు గది ఎందుకు అలా అయిపోయిందో అర్థం కాలేదు. పక్కనున్న నన్ను మెల్లిగా అడిగాడు. "నీకు ఎలాగ కనబడతందే?" బొత్తాలు కూడా కనబడుతున్నాయని చెప్పాను. ఎన్ని బొత్తాలో, ఏ రంగో కూడా చెప్పాను. పిల్లలకు అడిగినదాని కన్నా ఎక్కువ చెప్పడం సరదా కదా.

నాన్న కళ్ళు చికిలించి తెర వైపు చూశాడు. ఆయన చూపు ఒక్క రోజులో పోలేదు. కొంచెం కొంచెంగా పోతూంటే, లోకమే అలా ఉంటుందనీ, వయసుతో అందరికీ అలాగే కనబడుతుందనీ అనుకున్నాడు. పోల్చి చూసుకోవడానికి ఆయనకు అంతకుముందు రెండో క్యాసెట్ దొరకలేదు. సినిమా అయిపోయింది, అందరూ వెళ్ళారు. మామయ్య గుమ్మంలో చెప్పులేసుకుంటూ నాన్న వైపు తిరిగాడు. "బుధవారం నీ బండికి నేనే గార్డుని బావా," అన్నాడు. ఆ మాటలో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు.

మంగళవారం, పరీక్ష రోజు పొద్దున, అమ్మ అన్నం వడ్డిస్తూ ఒక్కటే మాట చెప్పింది. "అచ్చరాలన్నీ వచ్చినాయి కదండీ. సదివేసి వచ్చేయండి. పిల్లలున్నారు." నాకు బడి సెలవు, నాన్నే నన్ను సైకిలు మీద వెంట తీసుకెళ్ళాడు. ఎందుకు తీసుకెళ్ళాడో ఇప్పటికీ తెలియదు. ఒంటరిగా వెళితే మనసు మారుతుందని భయపడ్డాడేమో.

గది బయట బల్ల మీద నన్ను కూర్చోబెట్టారు. తలుపుకు బదులు పచ్చ తెర, లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. డాక్టరు బెంగాలీ ఆయన, గొంతు మెత్తన. పెద్ద అక్షరం చదివాడు నాన్న. దాని కింద వరస చదివాడు. ఆ కింది వరస ఏమిటో నాకు తెలుసు. నా పెదవులు వాటంతట అవే కదిలాయి. లోపల ఏ చప్పుడూ లేదు. మరిచిపోయాడేమోనని నాకు కంగారు పుట్టింది, తెర పక్కకు తీసి అందిద్దామా అనిపించింది. డాక్టరు మళ్ళీ అడిగాడు. అప్పుడు నాన్న గొంతు వినబడింది.

"నై దిఖ్‌తా, సాబ్."

మరిచిపోలేదు. దారి పొడుగునా ఆ వరసను గొణుక్కుంటూనే సైకిలు తొక్కాడు, వెనక కూర్చుని నేను విన్నాను. నోటి చివర ఉన్నదాన్ని లోపలే ఉంచుకుని, కనబడటం లేదని చెప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగితే, "కనబడినంతే సెప్పినాను," అన్నాడు. అమ్మ ఏడవలేదు, అరవలేదు. చాలా నెలలు అవసరానికి మించి ఆయనతో మాట్లాడలేదు, అంతే. నాన్నను దీపాలూ జెండాలూ ఉంచే గదిలో వేశారు. రిటైరయ్యేదాకా గుడ్డముక్కతో దీపాల అద్దాలు తుడిచాడు. ఆయన మంచిపని చేశాడని మా వరసలో ఎవరూ పొగడలేదు. పైగా కొందరు డ్రైవర్లు ఎదురైతే మొహం తిప్పుకునేవారు. మామయ్య మాత్రం డ్యూటీ దిగి ఇంటికి పోతూ మా గుమ్మం దగ్గర ఆగి, టీ తాగి వెళ్ళేవాడు. అంతకుముందు ఆయన అలా ఆగేవాడు కాదు.

నేనూ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందరూ బాగుందంటే బాగుందనడం, అందరికీ తెలిసిన జవాబునే అప్పజెప్పడం, ఉద్యోగంలో రోజూ చూశాను. ఆ వరసలో నిలబడనందుకు వచ్చే ఒంటరితనమూ చూశాను. అలసిపోయాను, నిజంగానే. నాన్న నాకు ధైర్యం నేర్పాడని చెప్పుకోను, అంత పెద్ద మాట నాకు నప్పదు. కానీ ఎవరైనా కనబడుతోందా అని అడిగితే, తెలిసిన జవాబు పెదవుల దాకా వచ్చేసినా సరే, ఆగి ఒకసారి చూస్తాను. చాలాసార్లు కనబడదు. కనబడలేదనే చెబుతాను.